ఆయన లేనప్పుడు డాక్టర్ చెప్పింది

జనవరి 6

సెకండియర్‌కు రివిజన్. మానవ ప్రత్యుత్పత్తి వ్యవస్థ. బోర్డు మీద బొమ్మ వేసి పేర్లు రాసిన. మూత్రాశయం, దాని కింద పౌరుష గ్రంథి, గ్రంథి నడుమ నుంచి కిందికి దిగే నాళం. ఏండ్ల తరబడి వేస్తున్న బొమ్మ. కండ్లు మూసుకొని కూడ వేస్త. వెనక బెంచీలల్ల నవ్వులు. డస్టర్‌తో బల్ల మీద కొట్టిన. ఊకున్నరు.

ఇంటికొస్తే మా ఆయన ముఖీత్ బాత్రూంల ఉన్నడు. లోపల నల్లా విప్పి ఉంది. నీళ్ళ చప్పుడు వింటే మూత్రం వస్తదని విప్పుతడు. రానప్పటి నిశ్శబ్దం నాకు వినబడొద్దని కూడ కావచ్చు. చాయ్ పెట్టిన. చల్లారింది. మళ్ళ వేడి చేసిన. బయటికొచ్చి ఏం జరగనట్టు పేపర్ తీసిండు.

రెండేండ్ల కింద ఆయన పడక ముందర గదిలకు మారింది. బాత్రూం దగ్గరైతదన్నడు. మంచిదన్న. మా బిడ్డ మెహ్రాజ్ ఫార్మసీ చదువుకని హైదరాబాద్ హాస్టల్‌కు పోయిన కొత్తల. ఆమె అటు పోయినంక గదులు ఖాళీగనే ఉన్నయి, ఎవరికి అనుమానం రాదు. నాకే వచ్చింది. నలభై దాటిన ఆడదాన్ని, నా పక్క నుంచి లేచిపోయిండని అనుకున్న. అడగలేదు.

ఇదంత ఎందుకు రాస్తున్ననో తెలియదు. ఏడుపు వస్తలేదు. ఏం అనిపిస్తలేదు. అందుకే రాస్తున్న కావచ్చు.

జనవరి 9, జుమ్మా

షహర్బానో ఆపా మీది నుంచి దిగొచ్చింది. ముఖీత్ అక్క. భర్త పోయినప్పటి నుంచి మా పై పోర్షన్‌ల ఉంటది. దుల్హన్, అని పిలిచింది. పెండ్లయి ఇరవై ఏండ్లు దాటినా ఆమెకు నేను ఇంకా కొత్త పెండ్లికూతుర్నే. నా తమ్ముడు ఎప్పుడు ఇమాం సాబ్ వెనకనే నిలబడేటోడు, ఇయ్యాల చెప్పుల దగ్గర నిలబడ్డడంట, మసీదుల ఎవరితోనన్న లొల్లయిందా అని అడిగింది. లేదన్న. మరి చెప్పుల ఫికరా, కొత్తవి గిట్ల కొన్నడా అని తనే నవ్వుకుంది.

నాకు తెలుసు. బట్టలు ఉతికేది నేను. ఆయన నమాజుకు ముందు కడుక్కునే వుజూ చేసుకొని లేస్తడు. నాలుగడుగులు వేసినంక ఒక చుక్క జారుతది. చుక్క పడితే వుజూ పోయినట్టే, మళ్ళ మొదటి నుంచి చేతులు, మొఖం, కాళ్ళు. మళ్ళ పడ్డదేమో అనిపిస్తది. పడ్డదా, పడ్డట్టు అనిపించిందా. ముందర వరుసల నుంచి నమాజు నడుమ లేచిపోతే అందరు చూస్తరు. తలుపు దగ్గర నిలబడితే ఎవరు చూడరు.

అనుమానం మనిషిని ఎట్ల తింటదో నాకు చెప్పాల్నా. గ్యాస్ బంద్ చేసిన్నా లేదా అని సగం తొవ్వ నుంచి ఎన్నిసార్లు వాపస్ రాలేదు. అప్పుడు ఆయన నవ్వేటోడు. ఇప్పుడు నవ్వాల్సింది నేను. నవ్వు రాదు.

జనవరి 12

నిజామాబాద్ పోయినం. యూరాలజిస్ట్ ఆడమనిషి అని ఆయనకు లోపలికి పోయినంకనే తెలిసింది. దివ్యశ్రీ. ముప్పై అయిదు కూడ ఉండవు. ముఖీత్ తన చెప్పుల దిక్కు చూసుకుంట అన్నిటికి జీ, జీ అన్నడు. రాత్రి లేస్తరా అంటే జీ. మంట ఉందా అంటే జీ. మంట లేదు కదా అంటే గూడ జీ. ఆఖరికి ఆమె నా దిక్కు తిరిగింది. వైవాల పిల్లలు చెప్పినట్టు జవాబులు చెప్పిన.

బాటిల్ నీళ్ళు తాగిపిచ్చి ఆయన్ని పక్క గదిలకు పంపిన్రు. ధార ఎంత జోరుగ వస్తదో కొలిచే మిషిన్ ఉందట. పోయినోడు ఎంతకూ రాడు. అంతసేపు ఆమె నాతోని మాట్లాడింది.

గ్రంథి మామూలుకు మూడింతలు దాటింది. నడిమి భాగం బ్లాడర్ లోపలికి పొడుచుకొచ్చింది. ముందు టాబ్లెట్స్ చూద్దాం. ఆగకపోతే రెండు తొవ్వలు. ఒకటి ఆపరేషన్. పైన కోత ఉండదు, నాళం లోపల్నుంచే పోయి అడ్డమున్నదంత గీకి తీస్తరు, లేకుంటే లేజర్. గట్టి ఫలితం, చుక్కలు గూడ చాలామందికి తగ్గుతయి. రెండోది చిన్న పద్ధతులు. క్లిప్పులు పెట్టి పక్కకు కట్టుడు, ఈయన నడిమి భాగానికి అది కుదరదు. ఆవిరితోని కరిగించుడు. లేదంటే హైదరాబాద్‌ల తొడ నుంచి సన్న ట్యూబ్ పంపి గ్రంథికి పోయే రక్తనాళం మూసేస్తరు, మెల్లమెల్లగ అదే కుంచించుకుపోతది. కోలుకునుడు తేలిక. కానీ ఫలితం నిదానం, ఆపరేషన్ అంత ఉండదు, కొన్నేండ్లకు మళ్ళ నా దగ్గరికే రావచ్చు అని నవ్వింది.

తర్వాత నవ్వు ఆపి ఇంకొకటి చెప్పింది. ఆపరేషన్ అయినోళ్ళల్ల చాలామందికి కలిసినప్పుడు వీర్యం బయటికి రాదు, వెనక్కి బ్లాడర్‌లకు పోతది. కోరిక పోదు. పటుత్వం మామూలుగా పోదు. ప్రమాదం కాదు. కానీ కొందరు మగవాళ్ళు చాలా బాధపడతరు, కొందరు ఆడవాళ్ళు కూడ. చిన్న పద్ధతులల్ల చాలావరకు ఆ ఇబ్బంది ఉండదు. మీ ఇద్దరికి అది ముఖ్యమా అని అడిగింది.

నాకు నలభై అయిదు దాటినయి అన్న.

నేను అడిగింది వయసు కాదు మేడం అన్నది.

ఆపరేషన్ కాగితాల మీద సంతకం రోజు ఆయనకు నేను కూడ చెప్త, కానీ నేను చెప్తే జీ అని ఊకుంటడు, ముందు మీరు ఇంట్ల చెప్పండి, ఇద్దరు మాట్లాడుకోండి అన్నది. సరే అన్న. అప్పుడే తలుపు తీసుకొని వచ్చిండు. పైజామా నాడా ముడి వేసుకుంట. ఆ మొఖం చూసి ఆమె మిషిన్ కాగితం అవతల పెట్టింది.

బస్‌ల, ఏం చెప్పింది అని అడిగిండు. ముందు గోళీలు అన్నదన్న. అబద్ధం కాదు.

జనవరి 13

చెప్పలేదు.

జనవరి 19

టాబ్లెట్స్ బంద్ చేసిండు. నమాజుల సజ్దాకు నేలకానించిన తల లేపితే కండ్లు తిరుగుతున్నయట. డాక్టర్‌కు ఫోన్ చేద్దామన్న. దేఖేంగే అన్నడు. చూద్దాం అనేది ఆయన పెద్ద మందు. అన్ని రోగాలకు అదే.

జనవరి 23

స్టాఫ్ రూంల ఫోన్‌ల చదివిన. ఆపరేషన్, లేజర్, ఆవిరి, రక్తనాళం మూసే ఎంబొలైజేషన్. ఏ పేపర్‌ల చూసినా ఇంతమందికి మేలు, ఇంతమందికి ఫరక్ లేదు, ఇంతమంది మళ్ళ వచ్చిన్రు. ఆ ఇంతమందిల ముఖీత్ ఎవరో ఏ పేపర్ల లేదు. కెమిస్ట్రీ పద్మలత వెనక నుంచి తొంగి చూసి, ఎవరికి మేడం అన్నది. సిలబస్‌కు అన్న.

ఒక మాట. ప్రతి ఏడాది అరవై మంది పిల్లల ముందర బొమ్మేసి చెప్పే మాట. ఒక్క మనిషికి చెప్పలేకపోతున్న.

ఎందుకంటే, చెప్తే అడిగినట్టయితది. రెండేండ్లుగ లేనిదాన్ని అడిగినట్టు. నీకు అది పోతది, నాకు ఫరక్ పడతది అని చెప్పినట్టు. ఫరక్ పడతదా? నా లోపలికి చెయ్యి పెట్టి వెతికిన. ఏం తగలలేదు. కోపం లేదు, కోరిక లేదు. బీరువల తాళంచెవి వెతికినట్టు వెతికిన, అంతే. మరి ఏం లేకపోతే చెప్పనీకి భయమెందుకు?

చెప్పకపోతే దాచినట్టయితది. ఇది కూడ నిజమే.

ఫిబ్రవరి 11, సాయంత్రం

మూత్రం బందయింది.

పెర్కిట్ రోడ్డు మీద మా గోదాముల రెండు పసుపు డ్రమ్ములు ఉన్నయి. రైతులు ఉడకబెట్టి ఎండబెట్టిన పసుపు తెస్తరు, డ్రమ్ముల తిప్పితే పొట్టు రాలి కొమ్ములు మెరుగు పడతయి. ఆ దుమ్ముకు ముఖీత్‌కు ప్రతి సీజన్ తుమ్ములు. ప్రతి సీజన్ మెడికల్ షాప్‌ల జలుబు గోళీల పట్టీ తెచ్చుకొని జేబుల పెట్టుకుంటడు. ఆర్మూర్‌ల డ్రమ్ములున్నోళ్ళందరి జేబులల్ల ఉంటది, సోంపు లెక్క. నిన్న డ్రమ్ములు మొదలైనయి. నిన్న రెండు, ఇయ్యాల మూడు మింగినట్టున్నడు.

మధ్యాహ్నం ఇంటికొచ్చిండు. నల్లా విప్పిండు. బకెట్ నిండి పొర్లింది. తలుపు తీసి సాయిమా అని నా పేరు పెట్టి పిలిచిండు. చాలా రోజులకు విన్న. గోడ పట్టుకొని వంగి ఉన్నడు, కడుపు కింద గట్టిగ బండ లెక్క. ఊర్లనే దవాఖానకు తీసుకపోయినం. పైపు వేసిన్రు. సంచి నిండింది, మార్చిన్రు, మళ్ళ సగం దాటింది. అప్పుడు ఏడ్చిండు. నొప్పికి కాదు, నొప్పి పోయినందుకు. నా మణికట్టు పట్టుకున్నడు. కంపౌండర్ వచ్చి బీపీ పట్టీ చుట్టాలె అన్నదాంక వదలలేదు.

ఏం అనిపించలేదు. చెయ్యి తిమ్మిరెక్కింది. అంతే రాయగలను.

ఫిబ్రవరి 12

ఫోన్‌ల దివ్యశ్రీ అడిగిన మొదటి మాట, జలుబు గోళీలు ఏమన్న వేసుకున్నరా అని. అవి అసలే ఇరుకైన తొవ్వను బిగిస్తయట. ఏమేం మందులు వాడతరు అని జనవరిల అడిగింది. బీపీ లేదు, షుగర్ లేదు అన్న. ఇది యాదికే రాలేదు. ఆపా అయితే నమ్మలేదు. జలుబు గోళీ గూడ ఒక మందేనా, మా ఆయన బతికున్నప్పుడు పిప్పరమెంట్ల లెక్క నమిలేటోడు అన్నది.

ఫిబ్రవరి 14

సంచి ఖాళీ చేసుడు నేర్చుకున్న. ఆయన మొఖం గోడ దిక్కు పెట్టుకుంటడు.

ఆపా ఎవరికి చెప్పకుండ మౌలానా సాబ్‌కు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది. నా తమ్మునికి పైపు పెట్టిన్రు, నమాజు చెల్లుతదా అని వీధి తలుపు తీసి ఉన్నదని కూడ చూడకుండ అరిచింది. ఆగకుండ కారే రోగం ఉన్నోడు మాజూర్, మినహాయింపు ఉన్నోడు, ప్రతి నమాజుకు ఒకసారి వుజూ చేసుకొని చదువుకోవచ్చు, అల్లాకు తెలుసు అని ఆయన మెత్తగ చెప్పిండు. ఆపా గెలిచినట్టు చూసింది. ముఖీత్ దుప్పటి మొఖం మీదికి లాక్కున్నడు. అల్లాకు తెలుసు సరే ఆపా, ఇప్పుడు గల్లీకి గూడ తెలిసింది అన్నడు దుప్పటి లోపల నుంచి.

మినహాయింపు ఆయనకు వద్దు. ఇంట్లనే కుర్చీ మీద చదువుకుంటున్నడు. చదివినంక మొఖంల శాంతి లేదు.

ఫిబ్రవరి 17

నిజామాబాద్‌ల పైపు తీసి చూసిన్రు. కారిడార్‌ల అటిటు తిరిగిండు. ఒక్క చుక్క రాలేదు. చుక్కలే శత్రువులైన మనిషి, చుక్క కోసం తిరుగుతుండు. మళ్ళ పైపు.

దివ్యశ్రీ ముగ్గుర్ని కూసోబెట్టింది. ఆపా గూడ ఉంది. ఎక్కువ రోజులు పైపు మంచిది కాదు, ఇన్ఫెక్షన్ అయితది, ఇప్పుడు తేల్చుకోవాలె అన్నది. ఆపరేషనా, హైదరాబాదా. హైదరాబాద్ పద్ధతిల అయితే ఇంకొన్ని వారాలు పైపు ఉండొచ్చు, తీసినంక ఎట్లుంటదో ఖాయంగ చెప్పలేం. తర్వాత నా దిక్కు చూసి, మేడం, మీరిద్దరు మాట్లాడుకున్నరా అని అడిగింది.

ఆపా నా పక్కనే ఉంది. ఆమె మోచెయ్యి నా మోచేతికి తగులుతుంది.

మాట్లాడుకున్నం అన్న. ఆపరేషన్ చేయండి అన్న.

ముఖీత్ చెప్పుల మీద నుంచి చూపు తీసి నన్ను చూసిండు. ఎంతసేపు చూసిండో తెలియదు. తర్వాత జీ అన్నడు.

మార్చి 2 తారీఖు ఇచ్చిన్రు.

ఫిబ్రవరి 19

రంజాన్ మొదటి రోజా. ఆయనకు ఉపవాసం లేదు, నీళ్ళు ఎక్కువ తాగాలె. ఆపా ముందర నీళ్ళు తాగాలంటే సిగ్గుపడి తలుపు చాటుకు పోతుండు.

ఆ చూపు ఏంది? కృతజ్ఞతనా, భయమా? ఆపరేషన్ అంటే భయమే అయి ఉంటది. అదే అయి ఉండాలె.

ఫిబ్రవరి 22

చంద్రయ్య వచ్చిండు. ఏర్గట్ల రైతు, మా డ్రమ్ముకే పసుపు తెస్తడు, ముఖీత్ ఈడోడు. ఇదే ఆపరేషన్ రెండేండ్ల కింద అయింది. నేను వంటింట్ల ఇఫ్తార్‌కు శనగలు నానబోస్తున్న. ముందర గది మాటలన్ని వినబడతయి, చంద్రయ్యవి అయితే మామిడిపల్లి దాంక వినబడతయి.

ఏం ముఖీత్ భాయ్, ట్రాక్టర్‌కు డీజిల్ క్యాన్ కట్టినట్టు కట్టిన్రు అన్నడు. ముఖీత్ నవ్విండు. చంద్రయ్య ధైర్యం చెప్పిండు. ఏం గాదు, నాకైతే ఇప్పుడు మోటర్ వేసినట్టు పోతది, పొలం గట్టు మీద నిలబడితే అవతలి మడి తడుస్తది. గా ఒక్కటే, పోయిన సీజన్ల నీకు చెప్పిన గదా భాయ్, గా సంగతి ఒక్కటే. దీపావళి తుపాకి అయితది. సప్పుడుంటది, గుండు ఉండదు. మా గంగామణి అయితే, పీడ పాయె, దుప్పట్లు ఉతుకుడు తప్పింది అన్నది.

పోయిన సీజన్ల చెప్పిన గదా.

శనగల మీద నీళ్ళు పోస్తనే ఉన్న. గిన్నె నిండి గట్టు మీద పారింది.

మరి చెల్లె ఏమంటది అని నా గురించి అడిగిండు చంద్రయ్య. ముఖీత్ గొంతు తగ్గించిండు, కానీ వినబడింది. ఆమెకు నేను చెప్పేదేముంది, పిల్లలకు పాఠం చెప్పేదే అది. పైంగ డాక్టర్ గూడ ఆమెకు చెప్పే ఉంటది. అన్ని తెలిసే చేయించుకోమన్నది. ఇంక అడిగేదేముంది చంద్రయ్యా.

చంద్రయ్య పసుపు ధర అడిగిండు.

నేను చాయ్ పట్టుకపోయిన. ఇద్దరు ధరల గురించి మాట్లాడుకుంటున్నరు.

ఫిబ్రవరి 23

ఇప్పుడు తెలిసింది ఆ చూపు. డాక్టర్ ముందర, అక్క ముందర, నీతోని నాకు పని అయిపోయింది అని తీర్పు చెప్పిన. ఆయన జీ అన్నడు.

నేను గట్ల అనలేదు. మరి ఎట్ల అన్న?

ఫిబ్రవరి 24

ఇంట్ల చెప్పలేను. ఆపా చెవులు గోడలకు ఉంటయి. కాలేజీ అయినంక గోదాముకు పోయిన.

డ్రమ్ము తిరుగుతుంది. మస్తు చప్పుడు. హమాలీలు నోళ్ళకు రుమాళ్ళు కట్టుకొని బస్తాలు మోస్తున్నరు. ముఖీత్ ఒక మూల కుర్చీల, మాస్క్ పెట్టుకొని, లుంగీ మీద తువ్వాల కప్పుకొని. నన్ను చూసి లేవబోయిండు. ఏమైందని సైగ చేసిండు. ఆ చప్పుడుల మాట్లాడాలంటే నోరు చెవికి ఆనించాలె. ఆనించిన. చెవి మీద పసుపు దుమ్ము. ఇంత దగ్గరికి వచ్చి ఎన్ని రోజులైందో.

జనవరి నుంచి నాకు తెలుసు, చెప్పలేకపోయిన అన్న.

తల ఊపిండు. తర్వాత తను వంగి నా చెవిల మాట్లాడిండు. నువ్వు చేయండి అన్నప్పుడు, ఇంక నాతోని అవసరం తీరింది అన్నట్టు వినబడింది అన్నడు. కోపంగ అనలేదు. బస్తా తూకం చెప్పినట్టు అన్నడు.

నా చెవిల ఆయన గాలి. నేను నిజం చెప్పిన. నాకేం కావాల్నో తెలుస్తలేదు. రెండేండ్ల నుంచి తెలుస్తలేదు. నువ్వు నా దగ్గర్నుంచి లేచిపోయినవు అనుకున్న అన్న.

ఆయన మాస్క్ తీసిండు. లేచిపోలేదు, నా పక్కే నాపాక్, మైల అయితుంటే దాని మీద నిన్నెట్ల పండుకోమనాలె అన్నడు. 

నాకు కోపం రావాలె. రెండేండ్లు. రాలేదు. బస్తా మీద కూసున్న. హమాలీ ఒకడు చూసి మొఖం తిప్పుకున్నడు. సేట్ మీద బీవీ లొల్లి పెట్టనీకి వచ్చింది అనుకున్నడేమో.

తర్వాత దివ్యశ్రీ చెప్పిందంత మొదటి నుంచి చెప్పిన. ఒక డ్రమ్ము పసుపు మెరుగు పట్టేదాంక చెప్పిన. ఆయన మధ్యల రెండే అడిగిండు. హైదరాబాద్ దాంట్ల చుక్క పూర్తిగ పోతదా. పోవచ్చు, పోకపోవచ్చు, మళ్ళ రావచ్చు అన్న. ఆపరేషన్‌ల? చాలామందికి పోతదట, ఖాయం కాదు అన్న. అనుమానం లేకుండ నిలబడాలని ఉంది సాయిమా, ఒక్క నమాజన్న అన్నడు. తర్వాత, మరి నీకు, అని ఆగిండు. మరి నీకు, అంతే.

ఆ ఆగిన చోట ఏదో ఒకటి పెట్టాలె. నా దగ్గర ఏం లేదు. అయినా నోరు చెవికి ఆనించి అన్న, అది రాకపోతే రాకపాయె, నువ్వు రా.

అన్నంక నాకే విచిత్రమైంది. ఇంకెవరో నా గొంతుతోని అన్నట్టు. నిజమా అది? ఆయన్ని ఆపరేషన్‌కు తోలనీకి అన్న మాటనా? ఇంటికొచ్చి ఇప్పటిదాంక అదే చూస్తున్న.

ఆయన మాత్రం మాస్క్ పెట్టుకొని దేఖేంగే అన్నడు. మాస్క్ వెనక నవ్విండో లేదో కనబడలేదు.

మార్చి 2

సంతకానికి ముందు దివ్యశ్రీ ఆయనకే చెప్పింది, ఆ మాటతో సహా. నేను ఉన్న. ఆయన మొఖం లేపి ఆమె దిక్కు సూటిగ చూసిండు. తెలుసు డాక్టర్, మేం మాట్లాడుకున్నం అన్నడు. ఇదే మాట పోయినసారి నేనన్న. ఆయనంటే నిజం లెక్క వినబడ్డది.

నడుము కింద మొద్దుబార్చి చేసిన్రు. బయట ఆపా తస్బీ పూసలు తిప్పింది. నేను పోస్టర్లు చదివిన. కిడ్నీల రాళ్ళ గురించి పోస్టర్ నాలుగుసార్లు చదివిన. అందుల ఒక అచ్చుతప్పు ఉంది.

ఆయనకు నడుము కింద ఏం తెలుస్తలేదట. నాకు మొత్తం మొద్దే.

మార్చి 3

సంచిల నీళ్ళు ఎర్రగ. ఆపా చూసి, నేనీ ఏడాది ఇఫ్తార్‌ల ఎర్ర షర్బత్ తాగను అన్నది.

మార్చి 4

గులాబి రంగు.

మార్చి 6

పైపు తీసిన్రు. బాత్రూం తలుపు బయట నిలబడ్డ. నల్లా విప్పలేదు. విన్న. బయటికొచ్చిండు. ఇద్దరం ఒకరి మొఖం ఒకరం చూడలేదు. నేను చేతికి తువ్వాల ఇచ్చిన.

మార్చి 21, ఈద్

ఈద్గాకు పోయిండు. వచ్చి షీర్ ఖుర్మా పాయసం ముట్టలేదు. ధార మంచిగనే ఉంది, కానీ తుమ్మితే, లేస్తే ఇంకా కొంచెం జారుతుందట. ఇంత చేసి, అన్నడు. ఇంత చేసి, అని మళ్ళ అన్నడు. మెహ్రాజ్ హాస్టల్ నుంచి వచ్చింది, కొన్ని వారాలు గట్లనే ఉంటది అబ్బా, కండరం మళ్ళ నేర్చుకోవాలె అని తండ్రికి చెప్పింది. బిడ్డ నోట ఆ మాట విని సిగ్గుతోని గబగబ రెండు గిన్నెలు తాగిండు.

తప్పు చేపిచ్చిన్నా అని నేను అప్పటి నుంచి గిన్నెలు కడుగుతున్న. కడిగినవే.

ఏప్రిల్ 10, జుమ్మా

ఆపా వార్త తెచ్చింది. మసీదుల మూడో వరుసల నిలబడ్డడంట. ముందర రెండు వరుసలు ముసలోళ్ళు ఎండకు ఓర్వక కూలర్ దగ్గరికని పట్టుకున్నరంట, లేకుంటే ఇంకా ముందరికి పోయేటోడే అన్నది. ఆయన్ని నేను అడగలేదు. మధ్యాహ్నం అన్నం తినుకుంట, తనే అన్నడు, ఇయ్యాల మధ్యల ఒకసారి పడ్డట్టు అనిపించింది, చూసుకోలేదు, చదివిన అని.

ఏప్రిల్ 14

దివ్యశ్రీ ఇంక అన్ని మామూలే అన్నది. అన్ని, అని ఇంకొకసారి అన్నది. ముఖీత్ చెప్పుల దిక్కు చూడలేదు. గోడకున్న క్యాలెండర్ దిక్కు చూసిండు.

ఏప్రిల్ 26, మధ్యాహ్నం

ఆపా బోధన్ పోయింది. కరెంటు లేదు. తలుపు గడియ ఆయనే పెట్టిండు.

డాక్టర్ చెప్పినట్టే. ఏం రాలేదు.

కప్పు దిక్కు చూసి, ఏం రాకపాయె, దీనికి గుసుల్, శుద్ధి స్నానం, చేయాల్నా, వద్దా అని అడిగిండు. నిజంగ అడిగిండో, నవ్వించనీకి అన్నడో తెలియదు. నాకు తెలియదన్న.

ఇద్దరం చేసినం. మిద్దె మీది ట్యాంకు నీళ్ళు ఎండకు కాగి ఉన్నయి.